గదుమ కిందికి, కండ్లు పైకి

మొకం చూడకుండనే, ఫలానోడు దావీదు చేతికింది పోరడని కోరుట్ల బజార్ల చెప్పేటోళ్లు. నిలవడ్డ తీరు చూస్తే చాలు. ఎడమ కాలు జరంత ముందుకు, కుడి మడమ భూమికి అంటీ అంటనట్టు, గదుమ కిందికి, కండ్లు మాత్రం పైకి. చాయ తాగుతున్నా గంతే, సినిమా టికెట్ల లైన్ల ఉన్నా గంతే. ఆట మానేసి పెండ్లాం పిల్లలతోని సంసారంల పడ్డోళ్లు సుత గట్లనే నిలవడుతుండిరి. దావీదు నేర్పిండంటే మరి ఆషామాషీ గాదు, ఎముకలకు పట్టిచ్చేటోడు.

దావీదు మిల్ట్రీల బాక్సింగు ఆడి, పింఛను మీద ఇంటికచ్చిన మనిషి. మెట్‌పల్లి తొవ్వకు పాడువడ్డ పసుపు గోదాముంటే దానికి వాచ్‌మన్‌గ కుదిరిండు. గోదాముల పసుపు లేదు, గబ్బిలాలున్నయి. ఊక నింపిన గోనెసంచిని దూలానికి ఏలాడగట్టి, ఇగ ఇదే మన తాలీం అన్నడు. పోరగాండ్లు ఆయనను ఉస్తాద్ అన్నరు. సిరిసిల్లల సాంచాల మీద బట్ట నేసే జలపతి ఇంటికచ్చినప్పుడల్లా అంచు పేలికలు సంచెడు తెచ్చేటోడు, అవే అందరికి చేతుల పట్టీలు. మార్కెట్ల పసుపు బస్తాలు మోసే యాదగిరి పని ఒడిసిందంటే చాలు, ఆ పచ్చటి చేతులతోనే ఉరికచ్చేటోడు. వీళ్లిద్దరు దావీదుకు రెండు కండ్లు.

అచ్చినోనికి అచ్చినట్టే గుద్దుడు నేర్పుతడనుకుంటే పొరపాటే. గుద్దుడు ఎవనికన్నా అస్తది, కల్లు దుకాణం కాడికి పోతే రోజూ చూడచ్చు అంటుండె. ముందుగాల నిలవడుడు. కాళ్ల నడుమ ఎడం చెదరకుండ తాడు కట్టి, గోదామంత తిప్పుతుండె. తర్వాత కండ్లు. అసలు కష్టమంత గీ కండ్ల కాడనే. గదుమ కిందికి పెట్టురా అంటే వాడల పోరగాండ్లకు కండ్లు సుత కిందికే పోతుండె. తరతరాల సంది దొర ముందట, పట్వారి ముందట తల వంచి, తమ కాళ్ల ఏళ్లు చూసుకుంట మాట్లాడిన ఇండ్లాయె. యాదగిరి అయితే మరీ. వాని నొసటి మీద ఏలు పెట్టి, గదుమ కిందికి, కండ్లు పైకి అని ఎన్నిసార్లు చెప్పిండో దావీదుకే తెల్వదు. ఎదుటోని చెయ్యి చూడకు, చెయ్యి మోసం చేస్తది, భుజం చూడు, చెయ్యి లేవకముందే భుజం చెప్తది అంటుండె. ఒక పొద్దు యాదగిరి కండ్లెత్తిండు. ఎత్తినోడు మళ్ల దించలే. ఏందిరా గట్ల చూస్తున్నవని మార్కెట్ల సేటు కసిరినా దించలే. ఆ ముచ్చట ఇన్ననాడు దావీదు పెరట్లకు పోయి, పెండ్లాం ముత్తమ్మ చూడకుండ కండ్లు తుడుసుకున్నడు.

ఆయనకొక వింత అలవాటుండె. కరీంనగర్ల పోటీలకు పోతే బరిల ఆడేది పోరడు, కింద మూలకు నిలవడి ఊగేది దావీదు. అవుతలోడు గుద్దు లేపితే ఈయన తల పక్కకు పోతుండె, భుజం వంగుతుండె. సోయి మాత్రం ఉండకపోతుండె. మేకపోతులు కుమ్ముకున్నా మా ఆయన తల ఊగుతది, పాస్టరయ్య చూస్తే దయ్యం పట్టిందని చేతులు పెట్టి ప్రార్థన చేస్తడు అని ముత్తమ్మ బీడీలు చుట్టుకుంట నలుగుట్ల ఎక్కిరిచ్చేది. దావీదు నవ్వేటోడు. మిల్ట్రీల ఆయన ఉస్తాదు చెప్పిండట, తలకాయ పనిచేసుడు బందైనంక ఒళ్లు ఏం చేస్తదో గదే నువ్వు నేర్సుకున్నది, మిగిలిందంత ఉత్త ముచ్చట అని. నేర్పుడంటే గంతే అని దావీదు నమ్మిండు, నమ్మినట్టే నేర్పిండు. పానం మీదికి తెచ్చింది సుత గదే.

అవి అన్నల రోజులు. దొరలు గడీలకు తాళాలేసి జగిత్యాలకు, పట్నానికి పోయిండ్రు. చీకటైతే అన్నలచ్చి బువ్వ అడిగేటోళ్లు, తెల్లారితే పోలీసోళ్లచ్చి ఎవనికి పెట్టినవని అడిగేటోళ్లు. నడుమల ఉన్న మనిషికి తిన్నది పెయ్యికి పట్టకపోతుండె. నీ పోరగాండ్లను మాకియ్యిమని అన్నలు దావీదుకు కబురు పంపిండ్రు. నేను నేర్పేది గంట కొడితే ఆగే కొట్లాట, మీది ఆగేది గాదు, నన్ను ఇడువుండ్రి అని ఆయన దండం పెట్టి చెప్పి పంపిండు. పంపినంక తలుపు చప్పుడైతే చాలు పానం జల్లుమంటుండె. కని దెబ్బ అటుకెల్లి రాలే.

జలపతి సిరిసిల్లకెల్లి బస్సుల అస్తుండంగ, కోనరావుపేట దిక్కు తొవ్వల పోలీసులు బస్సాపిండ్రు. వయసు పోరగాండ్లనందర్ని దించి వరుసగ నిలవెట్టిండ్రు. కొత్తగచ్చిన ఆఫీసరొకడు ఒక్కొక్కని ముందటికచ్చి పేరడిగిండు, పేరు చెప్తుండంగనే చెంప మీద ఈడ్చి కొట్టిండు. అందరు తిన్నరు. మామూలు మనిషి చెయ్యి లేస్తే బెదిరి కండ్లు మూసుకుంటడు, అంతల దెబ్బ పడుతది. జలపతి బెదరలే. వాని తల రవ్వంత పక్కకు జరిగింది, ఆఫీసరు చెయ్యి గాలిల పోయింది. కొట్టిన ఊపుకు ఆఫీసరే తూలి, టోపీ కిందపడ్డది. ఇది నీకెవడు నేర్పిండ్రా అని మెల్లగ అడిగి, బస్సును పొమ్మని, జలపతి ఒక్కణ్ని ఉంచుకున్నడు. కొన్ని దినాలకు ఎదురుకాల్పులని పేపర్ల పడ్డది. తల్లి లసుమవ్వ పోయి పీనుగను తెచ్చుకున్నది. జలపతికి అన్నలు తెల్వదు, అడవి తెల్వదు. వానికి తెల్సింది సాంచ, గోదాము, గంతే.

దావీదు ఆ దినం అన్నం ముట్టలే. నేను నేర్పిన విద్దెనే వాణ్ని పట్టిచ్చింది ముత్తమ్మా అని గోడకు తల ఆనిచ్చుకోని ఏడ్చిండు. తెల్లారి గోదాముకు పోయి గోనెసంచి కోసి ఊకంత పారబోసిండు. చేతి తొడుగులను గుంత తవ్వి పూడ్సిండు. పోరగాండ్లెవరు ఇటు రావద్దని, తొవ్వల కనవడ్డా ఉస్తాద్ అని పిలువద్దని చెప్పిండు. కని ఒంట్లకు పోయినదాన్ని ఏడ పూడ్సిపెడుతరు? వాడల పోరగాండ్లు గట్లనే ఎడమ కాలు ముందుకేసి తిరుగుతుండిరి. వాళ్లు కనవడ్డప్పుడల్లా, నా తీరు మొత్తం వీళ్ల ఒళ్ల మీద రాసి ఉన్నదని దావీదుకు చెమటలు పడుతుండె.

ఇంతల ఊరవతల మూతపడ్డ రైసుమిల్లుల పోలీసు క్యాంపు దిగింది. అచ్చింది ఆ టోపీ పడ్డ ఆఫీసరే. నేర్పినోడు ఈ దిక్కోడే అని వానికి ఎరుకైంది, పేరే తెల్వదు. వాడ వాడంతటికి తెల్సు, ఒక్కరు నోరిప్పలే. ఇప్పకున్నా, రేపు దెబ్బలకు ఎవడో ఒకడు ఇప్పుతడన్న భయం దావీదును లోపలికెల్లి తింటుండె. కుక్క మొరిగితే లేసి కూసుంటుండె. చెప్పుల చప్పుడు ఇంటి ముందటికెల్లి పోయేదాంక ఊపిరి బిగవట్టుకుంటుండె. బరిల ఎంతెంత మొనగాండ్ల ముందట నిలవడ్డ మనిషి, పాపం, ఇంట్ల పిల్లి దూకినా ఉలికిపడుతుండె.

ఒకనాడు డప్పు సాటింపు అయింది. ఆదివారం మాపటికి వాడల వయసు పోరగాండ్లందరు క్యాంపుకు రావాలె, ఒక్కొక్కని ఎంబడి ఇంటి పెద్ద మొగోడు రావాలె, రానోడు అన్నలల్ల కలిసినట్టే అని. ఆడ ఏం జేస్తరో సాటింపుల చెప్పలే. చెప్పే పనేమున్నది, బస్సు ముచ్చట అందరికి తెల్సు. మిగిలిన పోరగాండ్లు ఏదో ఒక తీరు దెబ్బ తిని బయటపడుతరేమో గని, యాదగిరి దెబ్బ పడనియ్యడు. వాని ఒళ్లు వాని మాట ఇనదు. గట్ల తయారు చేసింది దావీదే.

యాదగిరికి తండ్రి లేడు. తల్లి కొమురమ్మ అచ్చి దావీదు గడప ముందట కూలవడ్డది. ఇంటి పెద్దవై నువ్వే ఎంబడి రావాలె దావీదన్నా, నాకు ఇంకెవరున్నరు అన్నది. ముత్తమ్మ చేతిలున్న బీడీ ఆకు కింద పెట్టింది.

"కొమురమ్మా, నీ కొడుకు నా కొడుకసొంటోడే. కని ఈయన ఆడికి పోతే మళ్ల రాడు. నేను పంపియ్య."

కొమురమ్మ కొంగు నోట్ల కుక్కుకున్నది. దావీదు పెరట్లకు పోయి నిలవడ్డడు. బోయినపల్లిల చెల్లె ఉన్నది, నెల దినాలు ఆమె ఇంట్ల దాసుకుంటే ఎవలడుగుతరు అన్న ఆలోచన సుత అచ్చింది. సంచి ఏడున్నదో కండ్లతోని ఎతికిండు. ఎతికినందుకు తన మీద తనకే రోత పుట్టింది. బరిలకు శిష్యున్ని తోలి, మూల ఇడిసిపోయిన ఉస్తాదును ఆయన జన్మల చూడలే. అస్త, ఆదివారం పొద్దుగాల వాణ్ని గోదాముకు పంపు అని కొమురమ్మకు చెప్పిండు. ముత్తమ్మ మూతి ముడుసుకోని పొయ్యి కాడికి పోయింది.

ఆదివారం ప్రార్థన గంట కొడుతుంటే దావీదు గుడికి పోక గోదాముకు పోయిండు. యాదగిరి అప్పటికే అచ్చి ఉన్నడు. మళ్ల ఆట మొదలైతదేమో అని ఆశ పడ్డట్టున్నడు, చేతులకు పేలికలు చుట్టుకున్నడు. అవి జలపతి తెచ్చినయే. దావీదు వాటిని ఇప్పిచ్చిండు.

"నేను కొడ్త. నువ్వు తినాలె," అన్నడు.

దావీదు చెయ్యి లేపిండు. యాదగిరి తల జరిగింది, చెయ్యి గాలిల పోయింది. తప్పైంది ఉస్తాద్ అన్నడు పోరడు. మళ్ల కొట్టిండు, మళ్ల జరిగింది. గోడకు ఆనిచ్చి కొట్టిండు. కాళ్లు కట్టి కొట్టిండు. రెక్కలు ఎనుకకు కట్టి కొట్టిండు. నడుము కదలకుంటే మెడ కదిలింది. మెడ బిగవట్టుకోమంటే భుజం వంగింది. పోరడు పండ్లు కొరుకుతున్నడు, కదలద్దని తనకు తానే చెప్పుకుంటున్నడు, చెప్పుకుంటనే కదులుతున్నడు. కండ్లు మూసుకోమంటే దెబ్బ పడ్డది, కని పేరడిగేటప్పుడు తెరువక తప్పదు, తెరిస్తే మళ్ల భుజం కనవడుతది. ఇంకో దినమైతే గసొంటి శిష్యున్ని చూసి దావీదు ఉప్పొంగిపోయేటోడు. ఆ దినం వాడు తప్పిచ్చుకున్నప్పుడల్లా, వాని పీనుగ ముందట కొమురమ్మ కూసున్నట్టు కండ్లకు కట్టింది. మధ్యాహ్నం కావస్తున్నది. దావీదు నేల మీద కూలవడ్డడు.

కొమురమ్మ సద్ది పట్టుకోని వాకిట్ల నిలవడ్డది. అచ్చిందా అన్నా, నేర్సుకున్నడా అని అడిగింది. అడుగుతున్నది దావీదునే, కండ్లు మాత్రం తన కాళ్ల మీదనే. ఆమె ఎవరితోని మాట్లాడినా గంతే. దావీదుకు చిన్నప్పటి ముచ్చట యాదికచ్చింది. మాధవ రావు దొర గడీల దావీదు తండ్రి నిలవడ్డడు. దొర చెంప మీద కొట్టిండు. తండ్రి ఇంత సుత కదలలే. నాయినా ఎందుకు జరగలేవని తొవ్వల అడిగితే, నేను చూస్తే కద కొడుకా జరిగేది, నా కండ్లు నా కాళ్ల మీదున్నయి అన్నడు.

దావీదు మెల్లగ లేసిండు. "యాదగిరీ, నీ కాలి బొటనేలు చూడు," అన్నడు.

యాదగిరి ఉస్తాదు మొకమే చూసిండు. "ఆడ చూడద్దని నువ్వే కద చెప్పింది."

"నేనే చెప్పిన. ఇప్పుడు నేనే చెప్తున్న. కండ్లు దించురా."

పోరడు దించిండు. దావీదు కొట్టిండు. దెబ్బ పడ్డది. దూలం మీద గబ్బిలాలు లేసినయి. కొమురమ్మ సద్ది గిన్నె గట్టిగ పట్టుకున్నది. దావీదు మళ్ల కొట్టిండు, మళ్ల పడ్డది. ఇన్నేండ్లల్ల ఏ పోరన్ని ఉత్త చేతితోని కొట్టనోడు, అరచెయ్యి మండేదాంక కొట్టిండు. కండ్లెత్తుడు నేర్పనీకి నెలలు పట్టింది. దించుడు నేర్పనీకి సద్ది తినేంత సేపు పట్టలే. తాతల కాలం నాటి విద్దెనాయె, ఒంట్లనే పండుకోని ఉన్నది, తట్టంగనే లేసింది. పోరని చెంప వాసిపోయింది, నోట్ల నెత్తురచ్చింది. దావీదు గోడ దిక్కు తిరిగి ఏడ్చిండు, తర్వాత మొకం కడుక్కోని, పొద్దు వంగుతున్నది పోదాం పా అన్నడు.

క్యాంపుల పోరగాండ్లను ఒక వరుసల నిలవెట్టిండ్రు, ఒక్కొక్కని ఎనుక వాని ఇంటి పెద్దను నిలవెట్టిండ్రు. దావీదుకు యాదగిరి పిడికిళ్లు కనవడుతున్నయి. గోర్లు అరచేతుల్ల దిగుతున్నయి. ఆఫీసరు పొట్టి మనిషి, మాట మెత్తన. ఒక్కొక్కని దగ్గరికచ్చి పేరడుగుతున్నడు, కొడుతున్నడు. ఆట నేర్సిన పోరగాండ్లు ఒకరిద్దరు ముందే బెదిరి కండ్లు మూసుకున్నరు, వాళ్లకూ పడ్డది. దావీదు లోపల్లోపల దేవునికి మొక్కుతున్నడు.

ఆఫీసరు యాదగిరి ముందటికచ్చిండు. పేరు చెప్పంగనే చెంప చెళ్లుమన్నది. పోరడు కదలలే. ఆఫీసరు పక్క పోరని దిక్కు అడుగేసిండు. దావీదు ఊపిరి ఇడుస్తుండంగనే ఆఫీసరు మళ్ల ఎనుకకచ్చిండు. పోరని భుజాలు చూసిండు, నిలవడ్డ కాళ్లు చూసిండు. లాఠీ కొన గదుమ కింద పెట్టి మొకం పైకి లేపిండు.

"నా దిక్కు చూడు."

మొకమైతే లేసింది. కండ్లు లేవలే. గదుమ పైకి, కండ్లు కిందికి. ఆఫీసరు భుజం కదిలింది. చెయ్యి లేవకముందే కదిలే భుజం దావీదుకు స్పష్టంగ కనవడ్డది. ఈసారి దెబ్బ ఇంక గట్టిగ పడ్డది. యాదగిరి తల తిరిగిపోయింది, కని వాడు కట్టె తీరు నిలవడ్డడు. వాడు బతికిండు అనుకున్నడు దావీదు.

అనుకున్నంక చూసిండు, అందరు తన దిక్కే చూస్తున్నరు. ఆఫీసరు పోరని భుజం మీదికెల్లి తన మొకమే చూస్తున్నడు. దావీదుకు అర్థం కాలే. పక్కోడు రవ్వంత దూరం జరిగిండు. అప్పుడు తన ఒళ్లు తనకు తెల్సింది. తల పక్కకు వంగి ఉన్నది, కుడి భుజం కిందికి జారింది, ఎడమ కాలు ముందుకున్నది. యాదగిరి మీదికి అచ్చిన దెబ్బను తను తప్పిచ్చుకున్నడు.

"నేర్పింది నువ్వేనన్నమాట," అన్నడు ఆఫీసరు.

దావీదుకు దాసుకునే పని ఇగ లేకపోయె. మిగిలినోళ్లందరు పోవచ్చన్నడు ఆఫీసరు. యాదగిరి ఎనుకకు మర్లిండు. వాని పిడికిళ్లు లేస్తున్నయి, భుజం కదులుతున్నది. అది చూడంగనే దావీదుకు పైపానాలు పైననే పోయినయి.

"కండ్లు దించుకోని ఇంటికి పో," అన్నడు.

ఉస్తాదు మాట ఎన్నడు జవదాటనోడు. దించుకోనే పోయిండు.

క్యాంపుల ఏం జరిగిందో దావీదు ముత్తమ్మకు సుత చెప్పలే. ఆమె పాస్టరయ్యను ఎంటేసుకోని, మిల్ట్రీ పింఛను కాయితాలు పట్టుకోని గేటు ముందట కూసున్నది, లేవమన్నా లేవలే. ఎవరి మనసు కరిగిందో, ఎవరికి ఎవరు భయపడ్డరో, ఆఖరికి ఇడిసిపెట్టిండ్రు. కుడి చెయ్యి ఏళ్లు వంకరపోయినయి. ఎడమ చెవి ఇనవడకుంటయింది. ముత్తమ్మ పసుపు పట్టేసి, ఇగ ఊగు మళ్ల ఊగు అని తిట్టుకుంట ఏడ్చింది. దావీదు అడిగింది ఒక్కటే, యాదగిరి ఎట్లున్నడని. మంచిగనే ఉన్నడన్నది ముత్తమ్మ, కని మొకం తిప్పుకోని అన్నది.

కొమురమ్మ అచ్చి చెప్పింది. వాడు పనికి పోతున్నడు, బువ్వ తింటున్నడు. మార్కెట్ల సేటు ఇప్పుడు దారికచ్చినవని మెచ్చుకుంటున్నడు. కని ఆనాటి సంది వాడు కండ్లెత్తుత లేడన్నా, నాతోని మాట్లాడినా కిందికే చూస్తున్నడు అన్నది. దావీదు పంపమన్నడు.

యాదగిరి అచ్చి అరుగు ముందట నిలవడ్డడు. పాదాలు రెండు జోడించి, తల వంచి, గడీల నిలవడ్డట్టు నిలవడ్డడు. అచ్చం దావీదు తండ్రే. క్యాంపుల పడ్డ భయం ఒక ఎత్తు, ఇప్పుడు పడ్డ భయం ఒక ఎత్తు. పానం కాపాడిన అనుకున్న, ఏం చేసిన దేవుడా అనుకున్నడు దావీదు. గోడ పట్టుకోని అరుగు దిగిండు.

"కొడ్త. భుజం చూడు," అన్నడు.

వంకర ఏళ్ల చెయ్యి లేపిండు. యాదగిరి కదలలే. కండ్లు బొటనేలి మీదనే ఉన్నయి. కొడితే దెబ్బ పడుతది, దావీదుకు తెల్సు. కొట్టలే, చెయ్యి దించలే. గదుమ కిందికే ఉండనియ్యిరా, కండ్లు పైకి అన్నడు. మెల్లగ, మొదటి దినం చెప్పినట్టే చెప్పిండు. మళ్ల చెప్పిండు. లేపిన చెయ్యి సలుపుతున్నది. ముత్తమ్మ వాకిట్లకచ్చి, ఇగ చాలు లోపలికి రమ్మన్నది. దావీదు పోలే. యాదగిరి ఎడమ కాలు రవ్వంత ముందుకు జరిగింది. కండ్లు ఇంకా లేవలే. దావీదు ఆ చెయ్యిని గట్లనే లేపి పట్టుకోని నిలవడ్డడు.